భోజనాల హాలు ముందు విడిచిన చెప్పులు

మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు ఇబ్రహీంపట్నంలో మా ఇంటి మీదుగా పోతూ అప్పుడప్పుడు చాయ్‌కి ఆగుతుంటారు. వ్యవసాయ విస్తరణ అధికారిగా పనిచేసి రిటైరైన మనిషి దగ్గర చాయ్‌తో పాటు ముచ్చట్లు కూడా దొరుకుతాయని వాళ్లకు తెలుసు. మొన్న ఒకమ్మాయి, "మేడం, సర్వీసులో మీరు అన్నిటికన్నా ఎక్కువ భయపడ్డది ఎప్పుడు?" అని అడిగింది. మొలవని విత్తనాల గొడవలో రైతులు మా ఆఫీసుకు తాళం వేసిన రోజు గురించి చెబుతాననుకున్నట్టుంది. ఆ రోజు నేను లోపల కూర్చుని మరమరాలు తిన్నాను. నిజంగా భయపడ్డది మాత్రం మెత్తటి తివాచీల మీద, చల్లటి గాలిలో, పూలకుండీల మధ్య. హైదరాబాదులోని ఒక పెద్ద హోటల్లో.

ఆ పిల్ల నవ్వింది. మీరూ నవ్వుకోండి, కానీ చివరిదాకా వినండి. ఈ నౌకరిలో రేపు మీరూ ఎవరినో ఒకరిని వెంటబెట్టుకుని అలాంటి చోటికి పోవాల్సి వస్తుంది.

ఆ హోటల్ మనకు పట్నానికి అవతలి కొసన ఉంటుంది. ఆదిభట్ల దగ్గర రింగు రోడ్డెక్కితే తిన్నది అరగకముందే చేరిపోతాం. కింద వేలమంది పట్టే హాళ్లు, పైన అంతస్తుల నిండా గదులు. అక్కడ నాటు విత్తనాల మీద పెద్ద సదస్సు పెట్టారు. దేశదేశాల వాళ్లు వస్తున్నారు, ఢిల్లీ నుంచి ఒక పెద్దమనిషి ప్రారంభానికి వస్తున్నాడు. మా జిల్లా తరఫున ఒక స్టాలు, అందులో నిలబడడానికి ముగ్గురు ఆడ రైతులు. వాళ్లను తీసుకుపోయి తీసుకొచ్చే బాధ్యత నాది. సాయానికి మా మండలంలోనే పనిచేసే ఒక కుర్ర ఆఫీసరు.

ఆ ముగ్గురిలో పెద్దామెది కందుకూరు దిక్కు ఒక పల్లె. నాకు చుట్టం కాదు. అయినా నేను ఆమెను పెద్దమ్మ అనే పిలిచేదాన్ని, నా సర్వీసులో చాలా పొద్దులు ఆమె వాకిట్లోనే గడిచాయి. చుట్టూ చెలకల్లో వెంచర్ల రాళ్లు పాతుకుంటూ వస్తుంటే, ఆమె మాత్రం తన చెలకలో పచ్చజొన్న, కొర్ర, ఎర్ర కంది ఏటేటా వేసి విత్తనం తీసి, బూడిద కలిపి కుండల్లో దాచేది. నోరు మంచిది కాదని ఊళ్లో పేరు. కరెంటు సరిగ్గా ఇవ్వలేదని ఒక ఇంజనీరును ఆయన జీపు దిగకుండానే కడిగేసిన మనిషి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఆమెకు షుగరు. పొద్దున్నే సూది వేసుకోవాలి, వేసుకున్న కాసేపటికి కడుపులో ఇంత పడాలి. పడకపోతే చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తేడా వస్తుంది. అప్పటికీ ఏమీ తినకపోతే మనిషి దక్కదు. ఒకసారి పొలం గట్టు మీద అలా ఒరిగిపోవడం నా కళ్లతో చూశాను. అప్పటి నుంచి కొంగున ఒక బెల్లం ముక్క ముడేసుకుని తిరిగేది.

బయల్దేరే ముందు మా పెద్దసారు ఫోన్ చేశారు. "చూడమ్మా, గిది మన జిల్లా ఇజ్జత్ ముచ్చట. ఆడోళ్లను జర అదుపుల పెట్టు. ఏ లొల్లీ కావద్దు. ఏమన్నా అయిందో, నాకన్నా ముందు నీకే మెమో వస్తది." ఆయనకు ఆ మాట ఆయన పైవాళ్లు చెప్పి ఉంటారు. నేను దాన్ని మోసుకొచ్చి కారులో ఆడవాళ్ల మీద దించాను. దేన్నీ ముట్టుకోవద్దని, గట్టిగా మాట్లాడొద్దని, ఏదైనా తేడా వస్తే నా నౌకరికే ముప్పని దారిపొడవునా చెబుతూనే ఉన్నాను.

"నీ నౌకరికి మేమెందుకు అడ్డమొస్తం బిడ్డా," అంది పెద్దమ్మ కిటికీలోంచి చూస్తూ. "నోరు కుట్టేసుకుంట, సరేనా?"

మిగతా ఇద్దరూ పడిపడి నవ్వారు. నేనూ నవ్వాను.

హోటల్ గుమ్మం దగ్గరే మొదటి దెబ్బ తగిలింది. మరుసటి రోజు రాబోయే పెద్దమనిషి కోసం ముందు సాయంత్రం నుంచే సోదాలు మొదలయ్యాయి. సంచులన్నీ యంత్రంలోంచి పోవాలి, బయటి తిండి ఏదీ లోపలికి రాకూడదు. అక్కడున్న కాపలామనిషి పెద్దమ్మ కొంగుముడి విప్పించి బెల్లం తీసి పక్కన ట్రేలో పెట్టాడు. ఆమె నా వైపు చూసింది. "పోనీ పెద్దమ్మా, లోపల తిండికేం కొదవ," అన్నాను. ఆమె మారు మాట్లాడలేదు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది, ఎందుకంటే ఆమె మాట్లాడకుండా ఉండే రకం కాదు.

పై అంతస్తులో పొడవాటి నడవా, రెండు పక్కలా ఒకే రంగు తలుపులు. పెద్దమ్మ తన గది ముందు చెప్పులు విడిచి లోపలికి పోయింది. యూనిఫాం వేసుకున్న ఒకతను వచ్చి అవి లోపల పెట్టుకోమన్నాడు. "తలుపులన్నీ ఒక్క తీర్గ ఉన్నయి," అంది ఆమె నాతో మెల్లగా. "చెప్పులుంటెనే గదా మనది ఏదో ఎర్కయ్యేది." అతను ఒప్పుకోలేదు. కొత్త చెప్పులవి, హోటల్‌కు పోతున్నదని ఆమె కోడలు కొనిపెట్టింది. ఆమె వాటిని లోపలికి తీసుకుపోయి కొంగుతో అడుగులు తుడిచి, గోడవారగా పెట్టింది. సూది మందును ఇంట్లో లాగే తడిగుడ్డలో చుట్టి గ్లాసులో నిలబెట్టింది. చిన్న ఫ్రిజ్ ఉందని చూపిస్తే, "అది ముట్టద్దన్నవ్ గదా," అంది.

పొద్దున నేను, కుర్ర ఆఫీసరు ముందే దిగి స్టాలు సర్దుతున్నాం. ఆడవాళ్లు ముగ్గురూ భోజనాల హాలులో టిఫిను తిని స్టాలుకు రావాలని చెప్పిపెట్టాను. ఇద్దరే వచ్చారు.

"పెద్దమ్మేది?" అన్నాను.

ఆమెతో ఒకే గదిలో పడుకున్నామె తెల్లబోయింది. "మీ తాననే ఉన్నదనుకున్న మేడం. నేను తానం చేస్తుంటె సూది ఏసుకొని దిగుతున్న అని చెప్పి ముందుగాల్నే వచ్చింది. మేం తినేకాడ కనవడలే."

"సూది వేసుకుందా? నువ్వు చూసినవా?"

"అవ్ మేడం. ఖాళీ సూది బల్ల మీదనే ఉన్నది. ఫోను గూడ ఆడనే ఇడిచిపెట్టింది."

చేతిలో ఉన్న జొన్న కంకుల కట్ట బల్ల మీద పెట్టబోయి కింద పడేశాను. ఆమె సూది వేసుకుని దిగి ఎంతసేపైందో ఎవరికీ తెలియదు. తినలేదు. కొంగున బెల్లం లేదు. ఎక్కడుందో తెలియదు.

ముందు నేనే వెతికాను. హాలు తర్వాత హాలు, మరుగుదొడ్లు, లిఫ్టుల ముందు, పూలకుండీల వెనక. ఆ చోటు ఎంత పెద్దదో నాకు అప్పుడే తెలిసింది. ఒక మూల నుంచి బయల్దేరి ఇంకో మూలకు చేరితే మొదటి మూలలాగే ఉంటుంది. ఎవరిని అడిగినా మర్యాదగా చిరునవ్వు నవ్వి ఎటో చెయ్యి చూపిస్తారు. ఒకతను, "పల్లెటూరి డ్రెస్సులో ఉన్న లేడీయా మేడం? అదిగో," అని చూపించాడు. పరిగెత్తాను. అక్కడ గోచీ చీరలు కట్టి, కాళ్లకు కడియాలు పెట్టి, నెత్తిన బుట్టలు పెట్టుకున్న ఆడవాళ్లు బారుగా నిలబడి ఉన్నారు. ఢిల్లీ పెద్దమనిషికి స్వాగతం చెప్పడానికి పిలిపించిన నృత్య బృందం. డప్పుల మీద అడుగులు సరిచూసుకుంటున్నారు. వాళ్లలో ఒక్కొక్కరి ముఖంలోకి తొంగి చూస్తూ పోయాను. ఒకమ్మాయి నాకు సెల్ఫీ కావాలేమోనని సర్దుకుని నిలబడింది. అసలైన పల్లెటూరి మనిషి దొరకడం లేదు, వేషాలు మాత్రం ఎన్నైనా ఉన్నాయి.

పెద్దసారుకు ఫోన్ చేశాను. విషయం వినగానే ఆయన గొంతు తగ్గించారు. "ఎవరికీ చెప్పకు. ఢిల్లీ సారు బండ్లు వచ్చే టైం అయితున్నది. మనిషి తప్పిపోయిందని తెలిస్తే మొత్తం హోటలే బంద్ పెడ్తరు, ప్రోగ్రాం ఖరాబైతది. మీరే సప్పుడు చేయకుండ దేవులాడుకోండి. ఆడనే ఏడ్నో కూసొని ఉంటది."

ఫోన్ పెట్టేశాక కుర్ర ఆఫీసరు నా ముఖంలోకి చూశాడు. "ఏం చేద్దాం అక్కా?" అన్నాడు. ఎప్పుడూ మేడం అనేవాడు.

ఒట్టేసి చెబుతున్నాను, నాకు అప్పుడు రెండు భయాలున్నాయి. ఒకటి ఆమె ప్రాణం గురించి, ఇంకోటి మెమో గురించి. రెండోది సిగ్గులేకుండా మొదటి దాని పక్కనే వచ్చి కూర్చుంది. అంతలో ఆ గట్టు మీద చూసిన ముఖం గుర్తొచ్చింది. చెమటతో తడిసి, కళ్లు తెరిచి ఉన్నా మమ్మల్ని గుర్తుపట్టని ముఖం. నేను నేరుగా భద్రత చూసే పెద్ద దగ్గరికి పోయాను.

భారీ మనిషి, చెవిలో వైరు, చేతిలో వాకీటాకీ. "ఇప్పుడా మేడం? ఇంకాసేపట్ల కాన్వాయ్ వస్తుంది," అన్నాడు.

"షుగరు సూది వేసుకున్న ముసలామె అన్నా. తినలేదు. ఇప్పుడు దొరకకపోతే మీ హోటల్లోనే పోతుంది," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. వద్దన్న లొల్లి నేనే చేస్తున్నానని తెలుస్తూనే ఉంది.

ఆయన నన్ను కెమెరాల గదిలోకి తీసుకుపోయాడు. గోడ నిండా తెరలు. వాటిల్లో చీరలు, టోపీలు, సూట్లు, బుట్టలు మోస్తున్న నర్తకులు. పొద్దుటి వీడియోలు వెనక్కి తిప్పి చూపించమని ఆయన అక్కడివాళ్లకు చెప్పాడు. ఏ తెరలోనైనా తెల్ల జుట్టు కనిపిస్తే లేచి దగ్గరికి పోయి చూసేదాన్ని. ఆమె కాదు. "మీరు చూస్తుండండి, నేను తినేచోట అడుగుతాను," అని బయటికి వచ్చేశాను.

భోజనాల హాలు గుమ్మంలో నల్ల కోటు వేసుకున్న ఒకతను అతిథులను లెక్క చూసి లోపలికి పంపుతున్నాడు. ముసలామెను చూశావా అంటే తల అడ్డంగా ఊపాడు. నేను తిరిగి పోతుంటే ఏదో గుర్తొచ్చినట్టు, "మనిషిని చూడలేదు కానీ, పొద్దున ఎవరో ఇక్కడ చెప్పులు వదిలేసి పోయారు మేడం. ఎంట్రన్స్‌లో బాగుండదని తీయించేశాం," అన్నాడు.

అక్కడే నిలబడిపోయాను. అన్నం పెట్టే చోటికి మా పెద్దమ్మ చెప్పులతో పోదు. వంటింట్లోకి పోదు, బంతి భోజనాలకు పోదు, హోటల్ అయితే మాత్రం ఎందుకు పోతుంది? గుమ్మం బయట విడిచి లోపలికి అడుగుపెట్టి ఉంటుంది. లోపల రద్దీ చూసి మా కోసం వెనక్కి వచ్చి ఉంటుంది. వచ్చి చూస్తే చెప్పులు లేవు.

"ఎవరు తీశారు? ఎటు తీసుకుపోయారు?"

"హౌస్‌కీపింగ్ ఆమె. బండి మీద వేసుకుని అటు పోయింది." చెయ్యెత్తి చూపించాడు. గోడ రంగులోనే ఉన్న తలుపు, పిడి కూడా సరిగ్గా కనిపించదు. సిబ్బంది దారి.

పెద్దమ్మ ఆ బండి వెంటే పోయింది. నాకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. కోడలు కొన్న చెప్పులు, దుప్పట్ల మీద ఊగుతూ పోతుంటే ఆమె ఊరుకోదు. కానీ గట్టిగా పిలవలేదు, ఎందుకంటే గట్టిగా మాట్లాడొద్దన్నాను.

ఆ తలుపు కార్డు ఉంటేనే తెరుచుకుంటుంది. బండి పోతున్నప్పుడు తెరుచుకుని, ఆమె దూరగానే వెనక మూసుకుపోయి ఉంటుంది. నల్ల కోటు అతను కార్డు పెట్టాడు. లోపల తివాచీలు లేవు, పూలు లేవు. బోడి సిమెంటు గోడలు, గొట్టాలు, బట్టల సబ్బు వాసన. ఎదురుగా ఒక లిఫ్టు, పక్కన మెట్లు. లిఫ్టులోంచి అప్పుడే ఒకామె దుప్పట్ల బండి తోసుకుంటూ బయటికి వచ్చింది. బండి చివర ఒక కవరులో చెప్పులు కనిపిస్తున్నాయి. "ఇవి ఎవరివక్కా? పడేయబుద్ధి కాక ఉంచిన," అంది నన్ను చూసి. తన వెంట ఎవరైనా వచ్చినట్టు ఆమెకు తెలియదు.

మెట్ల మీదికి పరిగెత్తాను. పైకా, కిందికా? కిందికే పోయాను. ఒక మలుపు తిరగగానే పెద్దమ్మ.

కింది తలుపు పక్కనే, గోడకు ఆనుకుని, మోకాళ్లు దగ్గరికి తీసుకుని కూర్చుంది. జాకెట్టు తడిసి ఒంటికి అతుక్కుంది. చేతులు వణుకుతున్నాయి. కళ్లు నా మీద పడ్డాయి కానీ నన్ను చూడలేదు. "కల్లంల వాన పడ్తున్నది, కుప్పలు కప్పున్రి," అంటోంది. బయట ఎండ కాస్తోంది.

"పెద్దమ్మా, పెద్దమ్మా," అంటూ ఆమె చెంపలు పట్టుకున్నాను. నా చేతిలో ఏమీ లేదు. అన్ని రకాల స్వీట్లు పేర్చిన హాలు పైనే ఉంది, కానీ అక్కడిదాకా పోయి వచ్చే ధైర్యం లేదు, వదిలిపెట్టి కదలబుద్ధి కాలేదు. నా వెనకే దిగొచ్చిన హౌస్‌కీపింగ్ ఆమె ఒక్క చూపులో అర్థం చేసుకుంది. "షుగరు పడిపోయిందా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా పైకి ఉరికింది. గదుల్లో చాయ్ కోసం పెట్టే చిన్న చిన్న చక్కెర పొట్లాలు గుప్పిట నిండా తెచ్చింది. పళ్లతో చించి పెద్దమ్మ బుగ్గలో కొంచెం కొంచెంగా పోస్తూ, "మింగమ్మా, మింగు, మా అవ్వవు గదా," అని గడ్డం పట్టుకుని బతిమాలింది. ఆమె మింగింది. ఇంకొంత పోసింది. మింగింది. నేను లెక్కలేనన్ని దేవుళ్లకు మొక్కుకున్నాను, కొందరి పేర్లు అంతకుముందు ఎప్పుడూ తలవలేదు.

వణుకు మెల్లగా తగ్గింది. కళ్లు కుదురుకున్నాయి. నన్ను చూసి, "ఎందుకేడుస్తున్నవ్?" అంది.

అప్పుడే నాకు తెలిసింది, నేను ఏడుస్తున్నానని.

భద్రత పెద్ద, ఆయన వెనక డాక్టరు వచ్చారు. పెద్దమనిషి కోసం సిద్ధంగా ఉంచిన డాక్టరే పెద్దమ్మకు పనికొచ్చాడు. ఒక చిన్న గదిలో పడుకోబెట్టి, తినిపించి, గండం గడిచిందని చెప్పాడు. బయట డప్పులు మోగుతున్నాయి, బుట్టలు ఎత్తుకున్నవాళ్లు ఆడుతున్నారు. మా స్టాలు ముందు కుర్ర ఆఫీసరు, మిగతా ఇద్దరు ఆడవాళ్లు నిలబడ్డారు. పెద్దమనిషి పచ్చజొన్న గింజలు దోసిట్లో పోసుకుని ఫొటో దిగాడట. కార్యక్రమం ఏ ఇబ్బందీ లేకుండా జరిగిందని పెద్దసారు పైకి రిపోర్టు పంపారు. మెమో రాలేదు. ప్రశంసాపత్రం వచ్చింది, అది ఏ బీరువాలో ఉందో మా ఇంట్లోవాళ్లకే తెలియాలి.

నేను ఆ చిన్న గదిలోనే కూర్చున్నాను. పెద్దమ్మ ఇడ్లీ తింటూ జరిగిందంతా చెప్పింది. నేను అనుకున్నట్టే జరిగింది. బండి లిఫ్టులో పోయింది, ఆమె మెట్లు దిగింది, కింది తలుపు తెరుచుకోలేదు, వెనక్కి ఎక్కితే పై తలుపూ తెరుచుకోలేదు. మళ్లీ దిగింది. ఒళ్లు తేలిపోతుంటే కూర్చుంది.

"తలుపు అవతల ఎవరూ లేరా?" అన్నాను.

"ఎందుకు లేరు? డప్పులోళ్లు ఆడ్నే ఉన్నరు. బూట్ల సప్పుడు గూడ ఇనవడ్డది. జరసేపు ఒకాయిన తలుపుకు ఆనుకొనే నిలవడ్డడు."

"మరి తలుపు బాదొచ్చు గదా పెద్దమ్మా?"

ఆమె ఇడ్లీ ముక్క చట్నీలో అద్దుతూ, అదేదో మామూలు సంగతి లాగా అంది: "పెద్ద పెద్దోళ్లు వస్తున్నరంటివి. బాదితె లొల్లైతది. నీ నౌకరికి వస్తదేమోనని ఊకున్న బిడ్డా."

ఇంజనీరును జీపు దిగనివ్వని మనిషి. ఒక పలచటి తలుపు అవతల జనం ఉండగా, ప్రాణం పోతుంటే, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఢిల్లీ నుంచి బయల్దేరిన భయం ఒక్కో మెట్టూ దిగి పెద్దసారు దాకా, ఆయన నుంచి నా దాకా, నా నుంచి ఆమె దాకా వచ్చి ఆ మెట్ల మీద ఆగింది. ఆమె కింద ఇంక ఎవరూ లేరు.

"ఇంకోపారి ఏడనన్న గట్ల చిక్కితె తలుపు ఇరగ్గొట్టు పెద్దమ్మా," అన్నాను. నా నోటికి ఆఫీసు భాష రాలేదు. "దబదబ బాదు. నా నౌకరి పోతె పోనీ."

"సరె తీ," అంది. హౌస్‌కీపింగ్ ఆమె చెప్పులు తెచ్చి మంచం కింద పెట్టింది. పెద్దమ్మ ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఆ తర్వాత నా సర్వీసులో ఎంతమందిని ఎన్ని చోట్లకు తీసుకుపోయినా కారెక్కగానే మొదట చెప్పే మాట మారింది. మీకూ అదే చెబుతున్నాను. ముట్టుకోవద్దు, మాట్లాడొద్దు అనే ముందు, ఏదైనా అయితే గట్టిగా అరవమని చెప్పండి. ఆ మాట మీ పైవాళ్లు మీకు చెప్పరు.

నేను రిటైరైన రోజు రైతువేదిక హాలులో చిన్న సభ పెట్టారు. జిల్లా నుంచి ఆఫీసర్లు వచ్చారని తలుపులు మూసి కూర్చున్నాం. ఒకాయన మైకులో నా క్రమశిక్షణ గురించి నిదానంగా మాట్లాడుతున్నాడు. అంతలో తలుపు మీద దబదబమని బాదుడు. మాట్లాడే ఆయన ఆగిపోయాడు. ముందు వరుసలోని వాళ్లు ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు. అటెండరు పరిగెత్తి తలుపు తీశాడు.

పెద్దమ్మ. ఒక చేతిలో కొర్రల సంచి, ఇంకో చేతిలో చెప్పులు.

"ఏందమ్మా గా బాదుడు? లోపట మీటింగు నడుస్తున్నది," అన్నాడు అటెండరు.

ఆమె అతని వైపు చూడలేదు. వరుసలన్నీ దాటి నన్ను వెతుక్కుంది.

"నువ్వే గదా బిడ్డా బాదుమన్నది," అంది.